బడి దాకా చేర్చడమా, బడిలో నేర్పడమా: పేద దేశాలు ముందు దేనిమీద ఖర్చు పెట్టాలి?

పలక:

వర్ధమాన దేశాల విద్యాబడ్జెట్లు చిన్నవి, తీరవలసిన అవసరాలు పెద్దవి. అందువల్ల ఏది ముందు, ఏది తరువాత అన్న ప్రశ్నను ఎవరూ దాటవేయలేరు. ప్రపంచమంతటా బడి బయట ఉన్న పిల్లలూ యువతా కలిపి 25 కోట్ల మంది అని యునెస్కో 2023లో లెక్క చెప్పింది. ప్రపంచ బ్యాంకు లెక్క మరొకటి ఉంది. అల్ప, మధ్య ఆదాయ దేశాల్లో పదేళ్లు వచ్చినా ఒక సులువైన కథను చదివి అర్థం చేసుకోలేని పిల్లలు 53 శాతం ఉన్నారని 2019లో అంచనా వేసిన ఆ సంస్థ, కొవిడ్ కాలంలో బడులు మూతబడిన తరువాత, 2022లో ఆ అంచనాను 70 శాతానికి పెంచింది. వీరిలో ఎక్కువమంది బడిలో పేరు ఉన్నవారే.

ఫీజులు ఎత్తివేసి, గదులు కట్టి పిల్లలను లోపలికి తేవడం ఎలాగో ప్రభుత్వాలకు ఇప్పటికే తెలుసునని నా అభిప్రాయం. మలావి 1994లో, ఉగాండా 1997లో, కెన్యా 2003లో ప్రాథమిక విద్యకు ఫీజులు రద్దు చేశాయి. మలావిలో అంతకుముందు సుమారు 19 లక్షలున్న నమోదు ఆ ఒక్క నిర్ణయంతో దాదాపు 30 లక్షలకు చేరింది. అంతమందికి గదులు చాలలేదు, ఉపాధ్యాయులు చాలలేదు. శిక్షణ లేని వేలమందిని హడావుడిగా నియమించుకోవలసి వచ్చింది. చేరిక పెరిగినంతగా చదువు పెరగలేదు. కనుక ఇకపై వచ్చే అదనపు నిధులన్నీ బోధన మీదే పెట్టాలంటాను. కాదనేవారు కారణాలు చెప్పండి.

నల్లబల్ల:

పలక గారూ, "ప్రభుత్వాలకు ఇప్పటికే తెలుసు" అన్న మాటతోనే నాకు పేచీ. ఫీజు తీసేసినంత మాత్రాన దారి తెరుచుకోదు. ఆఫ్ఘనిస్తాన్‌లోని ఘోర్ ప్రావిన్సులో 31 గ్రామాలను పరిశీలించిన ఒక అధ్యయనం ఉంది. ఊళ్లోనే చిన్న బడి తెరిచిన చోట, తెరవని ఊళ్లతో పోలిస్తే, చేరిక 42 శాతం పాయింట్లు ఎక్కువగా ఉంది. ఆ పెరుగుదల బాలుర కంటే బాలికల్లో మరింత ఎక్కువ, పరీక్షల్లో మార్కులు కూడా పెరిగాయి. ఆ ఊళ్ల తల్లిదండ్రులకు చదువంటే విముఖత లేదు, ఆడపిల్లను అంత దూరం ఒంటరిగా పంపడానికి మాత్రమే వెనుకాడారు. బిహార్‌లో 2006 నుంచి తొమ్మిదో తరగతి బాలికలకు సైకిళ్లు ఇచ్చినప్పుడు కూడా ఇదే కనిపించింది. బడికి మూడు కిలోమీటర్లకు పైగా దూరమున్న ఊళ్లలోనే దాని ఫలితం ప్రధానంగా తేలింది.

దూరం ఒక్కటే కాదు, చట్టాలు కూడా అడ్డుపడ్డాయి. గర్భం దాల్చిన బాలికను బడికి రానివ్వని నిషేధాన్ని సియెర్రా లియోన్ 2020 మార్చిలో, టాంజానియా 2021 నవంబరులో గాని ఎత్తివేయలేదు. ఆఫ్ఘనిస్తాన్‌లో 2021 తరువాత ఆరో తరగతి దాటిన బాలికలకు బడి తలుపులే మూసేశారు. ఆ పిల్లల ముందు నిలబడి, మేము బోధనా పద్ధతులు మెరుగుపరుస్తున్నామని ఏ ముఖం పెట్టుకుని చెప్పగలం?

బడులు కట్టడం వృథా ప్రయాస అనుకునేవారు ఇండొనేషియాను చూడాలి. 1973 నుంచి ఆరేళ్లలో అక్కడ 61 వేలకు పైగా ప్రాథమిక పాఠశాలలు కట్టారు. ఆ ప్రాంతాల పిల్లలు ఎక్కువ ఏళ్లు చదివారు, పెద్దయ్యాక ఎక్కువ సంపాదించారు. బోధన గొప్పగా ఉందని ఎవరూ అనలేదు. అయినా బడి దగ్గరగా ఉండటం వల్లనే అంత మేలు జరిగింది.

చివరి బెంచి:

ఇరవై ఏళ్లకు పైగా ప్రాథమిక తరగతులకు పాఠాలు చెప్పినదాన్ని. మీ ఇద్దరి వాదనల్లోనూ నాకు ఒక లోటు కనిపిస్తోంది. బడికి రావడాన్నీ నేర్చుకోవడాన్నీ రెండు వేర్వేరు ఖాతాలుగా మీరు చూస్తున్నారు. పిల్లవాడు బడి మానేయడం ఒక్క రోజులో జరిగే పని కాదు. రెండో తరగతిలో అక్షరాలు కలపడం రాకుండానే మూడుకు వెళ్తాడు, మూడులో పుస్తకం తెరిచి బొమ్మలు చూస్తూ కూర్చుంటాడు. నాలుగుకు వచ్చేసరికి వారానికి రెండు రోజులు కనిపించడు, ఐదులో పేరు మాత్రం హాజరుపట్టీలో మిగులుతుంది. ఇంట్లో పేదరికం వల్ల మానేశాడని మనం రాసుకుంటాం. పేదరికం నిజమే. కానీ అర్థం కాని గదిలో రోజుకు ఐదు గంటలు కూర్చోవడం ఎంత శిక్షో కూడా రాసుకోవాలి కదా.

దీనికి నాకు తెలిసిన గట్టి ఆధారం పశ్చిమ కెన్యాలో పాఠ్యపుస్తకాలపై జరిగిన అధ్యయనం. పుస్తకాలు చాలని బడులకు వాటిని ఉచితంగా ఇచ్చారు. అందరి మార్కులూ పెరుగుతాయని ఎవరైనా అనుకుంటారు. అంతకుముందే ముందున్న పిల్లలకు తప్ప మిగతావారికి ఏ మేలూ జరగలేదు. ఆ పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నాయి, అక్కడి చాలామంది పిల్లలకు అది మూడో భాష. పైగా పాఠ్యప్రణాళికను బాగా చదివే కొద్దిమందిని దృష్టిలో పెట్టుకుని రాశారు.

కనుక "బోధన మీద ఖర్చు" అంటే ఏమిటో ముందు తేల్చుకోవాలి. పుస్తకాలు, కంప్యూటర్లు, జీతాలు కూడా ఆ పద్దు కిందికే వస్తాయి. ఇండొనేషియాలో 2005 నాటి చట్టం కింద ధ్రువీకరణ పొందిన ఉపాధ్యాయులకు మూలవేతనంతో సమానమైన భత్యం ఇచ్చారు. దాన్ని 360 పాఠశాలల్లో పరీక్షించి చూస్తే, ఉపాధ్యాయుల సంతృప్తి పెరిగింది, వేరే పనులు చేసుకోవడం తగ్గింది. పిల్లల మార్కుల్లో మాత్రం మూడేళ్ల తరువాత కూడా తేడా లేదు. ఉపాధ్యాయులకు మంచి జీతం ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. అయినా జీతం పెరిగినంత మాత్రాన పాఠం పిల్లవాడి స్థాయికి దిగిరాదని ఒప్పుకోక తప్పదు.

ముంబయి, వడోదర మునిసిపల్ బడుల్లో 2001 నుంచి 2003 దాకా జరిగిన ప్రయోగంలో అలా దిగివచ్చింది. మూడు, నాలుగు తరగతుల్లో వెనుకబడిన పిల్లలను రోజుకు రెండు గంటలు విడిగా కూర్చోబెట్టి, ఆ బస్తీలకే చెందిన యువతులు వారికి చదవడం, లెక్కలు నేర్పారు. వాళ్లవి పెద్ద చదువులు కావు, జీతం నామమాత్రం. ఆ పిల్లలే ముందుకు వచ్చారు. వాళ్లు బయటకు వెళ్లడం వల్ల తరగతి గదిలో సంఖ్య తగ్గింది గాని, అక్కడ మిగిలిన పిల్లలకు దానివల్ల చెప్పుకోదగ్గ లాభమేమీ రాలేదు. గదిలో ఎందరున్నారు అన్నదానికంటే, చెప్పే పాఠం పిల్లవాడికి ఎంత దూరంలో ఉన్నదన్నదే ముఖ్యమని నేను దీన్నిబట్టి అర్థం చేసుకున్నాను.

నల్లబల్ల:

చివరి బెంచి గారూ, బడి మానేయడం గురించి మీరు రాసిన వాక్యాలు నన్ను ఆలోచింపజేశాయి. అయినా ఆకలినీ అనారోగ్యాన్నీ పక్కన పెట్టలేను. కెన్యాలోని బుసియా జిల్లాలో 75 బడుల పిల్లలకు దశలవారీగా నులిపురుగుల మందు ఇచ్చినప్పుడు గైర్హాజరు నాలుగో వంతు తగ్గింది. ఆ అధ్యయనంలోని కొన్ని లెక్కల మీద 2015లో పెద్ద వివాదమే నడిచిందని నాకు తెలుసు. గ్వాటెమాలాలో 1969–77 మధ్య పసితనంలో పౌష్టికాహారం అందినవారు పెద్దయ్యాక కూడా మిగతావారి కంటే బాగా చదవగలిగారు. మూడేళ్లలోపు గిడసబారిపోయిన బిడ్డకు ఆరో ఏట ఎంత స్థాయికి దిగి చెప్పినా, ఆలస్యమైనట్టే కదా?

ఇంకొకటి, ఇంత జాగ్రత్తగా పాఠం చెప్పడానికి ఉపాధ్యాయుడు బడిలో ఉండాలి. బంగ్లాదేశ్, ఈక్వడార్, భారత్, ఇండొనేషియా, పెరు, ఉగాండాల్లో ముందు చెప్పకుండా వెళ్లి చూసిన సర్వేలో సగటున 19 శాతం ఉపాధ్యాయులు బడిలో లేరు. భారత్‌లో అది 25 శాతం.

చివరి బెంచి:

నులిపురుగుల అధ్యయనాన్ని మీరే ప్రస్తావించారు కనుక అందులోని రెండో సగం కూడా చెప్పాలి. హాజరు పెరిగింది గాని, పరీక్షల్లో మార్కులు పెరిగినట్టు ఆ పరిశోధకులకు కనిపించలేదు. మందు ఇవ్వాల్సిందే, ఎందుకంటే ఆరోగ్యం దానంతటదే విలువైనది. కానీ హాజరు నుంచి చదువుకు దారి దానంతటదే పడదు. గ్వాటెమాలా విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను, మూడేళ్లలోపు పోషణను నేను విద్యాబడ్జెట్‌లోనే లెక్కిస్తాను. ఉపాధ్యాయుల గైర్హాజరు సిగ్గుపడవలసిన నిజం. అందులో కొంత భాగం బోధనేతర పనులకు పంపడం వల్ల జరిగేదని మాత్రం, ఆ పనులు చేసినదాన్ని కనుక, చెప్పక తప్పదు.

గట్టు మీద:

ఇంతసేపూ భాష గురించి ఒక్కరే, అదీ పుస్తకాల సందర్భంలో, ప్రస్తావించారు. తాము మాట్లాడే లేదా అర్థం చేసుకునే భాషలో చదువు అందనివారు ప్రపంచ జనాభాలో 40 శాతం అని యునెస్కో 2016లో చెప్పింది. ఇథియోపియా 1994 విధానంతో ప్రాథమిక విద్యను స్థానిక భాషల్లోకి తెచ్చింది, కొన్ని ప్రాంతాలు ఎనిమిదో తరగతి దాకా కొనసాగించాయి. అది అరుదైన ధైర్యం. తక్కిన చాలా దేశాల్లో తల్లిదండ్రులే ఇంగ్లీషు లేదా ఫ్రెంచి కావాలంటారు. దాన్ని అజ్ఞానమని తీసిపారేయడం నాకు నచ్చదు. ఉద్యోగం, న్యాయస్థానం, పై చదువు అన్నీ ఆ భాషలోనే నడిచే దేశంలో వాళ్లు అడిగేది న్యాయమైనదే. ఆ భాషను ఒక సబ్జెక్టుగా గట్టిగా నేర్పడం వేరు, ఆరేళ్ల పిల్లకు లెక్కలు కూడా అందులోనే చెప్పడం వేరు. ఈ తేడాను తల్లిదండ్రులకు ఎవరూ వివరించడం లేదు.

పలక:

ప్రారంభంలో నేను రాసిన "అదనపు నిధులన్నీ బోధన మీదే" అన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను. ఘోర్ గ్రామాల ఉదాహరణకు నా దగ్గర జవాబు లేదు. దగ్గర్లో బడి లేని చోట బడి, మూడేళ్లలోపు పోషణ, ఈ రెండింటికీ మొదటి హక్కు ఉంది. బడి ఉన్న చోట మాత్రం తొలి రెండు తరగతుల్లో అర్థమయ్యే భాషలో చదవడం నేర్పడానికే ఖర్చు పెట్టాలని ఇప్పటికీ అంటాను. లాప్‌టాప్‌ల వంటి వాటికి ఆ వరుసలో ఎక్కడా చోటివ్వను. పెరు 8 లక్షలకు పైగా పంచిపెట్టింది. లెక్కల్లోనూ చదవడంలోనూ పిల్లలకు ప్రయోజనం కలిగినట్టు పరిశోధనల్లో తేలలేదు.

నల్లబల్ల:

ఈ సవరణ నాకు సమ్మతమే. ఒక్క భయం మిగిలింది. స్థాయిని బట్టి పిల్లలను విడదీస్తే, కింది గుంపులో పడినవాడు ఎప్పటికీ అక్కడే ఉండిపోడా? ఆ గుంపులో ఎక్కువగా ఏ ఇళ్ల పిల్లలు ఉంటారో మనందరికీ తెలుసు.

చివరి బెంచి:

ఆ భయం సహేతుకమైనదే, రోజంతా విడదీయడాన్ని నేనూ ఒప్పుకోను. కెన్యాలో 121 బడులకు అదనపు ఉపాధ్యాయుణ్ణి ఇచ్చి, సగం బడుల్లో తొలి తరగతిని మార్కుల ప్రకారం రెండు గదులుగా విభజించినప్పుడు, కింది గదిలోని పిల్లలు కూడా మిగతా సగం బడుల్లోని పిల్లల కంటే బాగా నేర్చుకున్నారు. మా బడిలో అదనపు ఉపాధ్యాయులు లేరు కనుక మధ్యాహ్నం ఒక గంట మాత్రమే, మూడు నుంచి ఐదు తరగతుల పిల్లలను కలిపి, ఎవరు ఎంతవరకు చదవగలరో దాన్నిబట్టి కూర్చోబెట్టేవాళ్లం. ఆరు వారాలకొకసారి ఒక్కొక్కరి చేత ఒక పేరా చదివించి, చదవగలిగినవారిని ఆ రోజే పక్క గదికి పంపేవాళ్లం. ఎవరు ఎప్పుడు మారారో రాసిన నోటుపుస్తకం గోడకు వేలాడుతూ ఉండేది, అడిగిన ఏ తల్లికైనా చూపించేవాళ్లం.