ఘాట్ ఎక్కుతుంటే డీజిల్ కారు పికప్ పోతోంది, పంపు మార్చమంటున్నారు

మధురవాడ డీజిల్:
విసిగిపోయి పెడుతున్నానండీ ఈ పోస్టు. పొద్దుట్నుంచీ షెడ్డులోనే కూర్చున్నా. కారు బాగానే నడుస్తూ ఉంటుంది, ఉన్నట్టుండి పికప్ పోతుంది. ఇంజిన్ లైటు వెలుగుతుంది, ఎంత తొక్కినా ముందుకు లాగదు. పక్కకు ఆపి, కీ తీసి మళ్లీ వేస్తే ఏమీ జరగనట్టు నడుస్తుంది. సింహాచలం కొండ ఎక్కుతుంటే సగంలో ఇలాగే అయింది. వెనక బస్సు హారన్, లోపల అమ్మా పిల్లలూ. షెడ్డుకి తీసుకెళ్తే మాత్రం ఏ గోలా చేయదు. సెన్సర్ మార్చారు, తేడా లేదు. ఇప్పుడు పంపు పోయింది, మార్చాల్సిందే అంటున్నారు. వాళ్లు చెప్పిన రేటుకి నిద్ర పట్టట్లేదు. మార్పించేయమంటారా?

ఆటోనగర్ పానా:
ఎంత సీసీ? ఏ ఏడాది? ఎన్ని కిలోమీటర్లు? స్కానర్ చూపించిన తప్పు కోడ్ ఏంటి? ఏ సెన్సర్ మార్చారు? ఇవి చెప్పకుండా అడిగితే ఎవరూ ఏం చెప్పలేరు.

కొలత సరిగా:
అవన్నీ తర్వాత. డీజిల్ ఎక్కడ కొట్టిస్తున్నారు? మన విశాఖలోనే రిఫైనరీ ఉంది కదా, మనకి కల్తీ రాదులే అని చాలామంది ధీమా. ట్యాంకరు బంకుకి చేరాక ఏం జరుగుతుందో ఎవరు చూశారు? బంకులో డెన్సిటీ రిజిస్టర్ అడిగి చూసే హక్కు మనకుంది. హైడ్రోమీటర్, థర్మామీటర్ తెప్పించి కొలవమనండి. రిజిస్టర్‌లో రాసినదానికీ కొలిచినదానికీ 3 యూనిట్లకు (ఘనపు మీటరుకు 3 కిలోలకు) మించి తేడా ఉంటే అనుమానించాల్సిందే. పరిమాణం మీద డౌటుంటే 5 లీటర్ల కొలత పాత్ర అడగండి, అది బంకులో ఉండి తీరాలి. 2020 ఏప్రిల్ నుంచి మనకి వస్తున్నది బీఎస్6 డీజిల్, గంధకం 10 పీపీఎం లోపే ఉంటుంది. అందులో కిరోసిన్ లాంటిది కలిస్తే పంపుకి అందాల్సిన జిడ్డు తగ్గి అరిగిపోతుంది. మనం అడగం కాబట్టే వాళ్లు చూపించరు.

ఆటోనగర్ పానా:
ఆయన అడిగింది బంకు గురించి కాదు.

మధురవాడ డీజిల్:
1.5 లీటర్ డీజిల్, 2014 మోడల్, లక్షా ముప్పై వేలు దాటింది. పీ0087 అని కాగితం మీద రాసిచ్చారు. మార్చింది రైల్ ప్రెషర్ సెన్సర్. డీజిల్ ఎప్పుడూ ఒకే బంకులో కొట్టిస్తాను, అక్కడ ఇంకెవరికీ ఈ ప్రాబ్లం లేదు.

బీచ్ రోడ్ వాసి:
మన ఊళ్లో ఏ సెన్సర్ పోయినా ముందు కనెక్టర్ చూడాలండీ. ఉప్పుగాలికి లోపలి పిన్నులు పచ్చగా చిలుం పడతాయి. సెన్సర్ కొత్తదైనా సాకెట్ పాతదే కదా. ప్లగ్ పీకి టార్చి వేసి చూడండి.

లారీ మేస్త్రి:
పీ0087 అంటే పంపే. ఇంకా అనుమానం ఉంటే ఇంజిన్ నడుస్తుండగా ఒక్కో ఇంజెక్టర్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేది) పైపు నట్టు కాస్త వదులు చేసి చూడు తమ్ముడూ. ఏది వదిలినప్పుడు శబ్దం మారదో అదే దొంగ. మేం ముప్పై ఏళ్లుగా ఇలాగే పట్టాం.

కంచరపాలెం నాజిల్:
మేస్త్రిగారూ, ఆ పద్ధతి పాత ఇంజిన్లకి. కామన్ రైల్ మీద, అంటే అన్ని ఇంజెక్టర్లకీ ఒకే గొట్టంలోంచి ఎక్కువ ప్రెషర్‌తో డీజిల్ పంచే ఇంజిన్ల మీద, ఎవరూ ఆ పని చేయకండి, దండం పెట్టి చెబుతున్నా. బండి కదలకుండా ఊరికే స్టార్టింగ్‌లో ఉన్నా ఆ రైల్‌లో 250 బార్ దాకా ఉంటుంది, లోడు పడితే 1,500 పైనే. ఆ ధార చేతికి తగిలితే తోలు చీల్చుకుని కండలోకి పోతుంది. పైకి సూది గుచ్చినంత మచ్చే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట పెద్దగా ఉండదు. లోపల కండ కుళ్లిపోతుంది. అలా తగిలితే కడిగి ఊరుకోకూడదు, వెంటనే సర్జన్ దగ్గరికి పరిగెత్తాలి. ఇంజిన్ ఆపాక కూడా ప్రెషర్ దిగడానికి కాసేపు వదిలేసి, అప్పుడు పైపులు ముట్టుకోవాలి.

ఇక పోస్టు పెట్టినవారికి. పీ0087 అంటే ఇంజిన్ కంప్యూటర్ అడిగినంత ప్రెషర్ రైల్‌లో లేదని, అంతే. పంపు పోయిందని ఆ కోడ్ చెప్పదు. పంపుకి డీజిల్ సరిగా అందకపోయినా అదే కోడ్, ఇంజెక్టర్లు రిటర్న్‌లోకి, అంటే ట్యాంకుకి తిరిగెళ్లే పైపులోకి, ఎక్కువ వదిలేసినా అదే కోడ్.

మీరు చెప్పని విషయాలు మూడు అడుగుతా. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు వస్తోందా, తక్కువున్నప్పుడా? పొద్దున్న మొదటి స్టార్టుకి సెల్ఫ్ ఎక్కువసేపు కొట్టాల్సి వస్తోందా? ఈమధ్య డీజిల్ పైపుల వైపు ఎవరైనా చెయ్యి పెట్టారా?

లారీ మేస్త్రి:
నేను ముప్పై ఏళ్లు చేసినవాణ్ణి. చేతులు బాగానే ఉన్నాయి.

మధురవాడ డీజిల్:
ట్యాంకు ఎప్పుడూ గమనించలేదు. నేను సగం కంటే ఎక్కువ కొట్టించను. సింహాచలం వెళ్లినప్పుడు కిందిగీత దగ్గరుంది. పొద్దున్న సెల్ఫ్ ఎక్కువ కొట్టాలి, బ్యాటరీ పాతబడిందేమో అనుకున్నా. సర్వీసులో డీజిల్ ఫిల్టర్ మార్చారు. ఈ గొడవ ఆ తర్వాతే మొదలైంది.

ఆటోనగర్ పానా:
ఇది మొదటి పోస్టులో ఉండాల్సిన మాట.

కంచరపాలెం నాజిల్:
అయితే పంపు మార్పించడం ఆపండి. మీ ఇంజిన్ లాంటివాటిలో చాలావాటికి ట్యాంకులో కరెంటు పంపు ఉండదు. హై ప్రెషర్ పంపులోనే ఉన్న చిన్న పంపు ట్యాంకు నుంచి డీజిల్ లాక్కుంటుంది. అంటే ట్యాంకు నుంచి ఫిల్టర్ దాటి పంపు దాకా ఉన్న పైపంతా పీల్చే వైపు. అక్కడ కీలు వదులైతే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. కొబ్బరిబొండం స్ట్రాకి చిల్లు పడితే నీళ్లు కారవు కదా, పీల్చినప్పుడు గాలే వస్తుంది. అందుకే షెడ్డులో కింద ఎంత వెతికినా చుక్క కనిపించదు. ట్యాంకు తక్కువగా ఉంటే పంపు ఇంకా గట్టిగా లాగాలి, గాలీ అంతే ఎక్కువ చొరబడుతుంది. ఎత్తులో లోడు పడేసరికి ప్రెషర్ నిలవదు. రాత్రంతా ఆగి ఉంటే డీజిల్ ట్యాంకులోకి జారిపోతుంది, అందుకే పొద్దున్న సెల్ఫ్.

ఫిల్టర్ దగ్గర నల్లటి రబ్బరు బల్బు ఉంటుంది. పొద్దున్న స్టార్టు చేయకముందు నాలుగు నొక్కులు నొక్కండి. గట్టిపడ్డాక సెల్ఫ్‌కి టక్కున అందుకుంటే అనుమానం బలపడినట్టే. ఇంజిన్ నడుస్తుంటే బల్బు చప్పబడి లోపలికి పోతోందంటే అది వేరే కథ, ట్యాంకు వైపు ఎక్కడో అడ్డు ఉంది. ఆ తర్వాత ఫిల్టర్‌కీ పంపుకీ మధ్య డీజిల్‌కి తట్టుకునే పారదర్శకమైన గొట్టం ఒక జానెడు పెట్టించండి. అది తక్కువ ప్రెషర్ వైపు కాబట్టి ఫరవాలేదు. మొదట కాసిని బుడగలు మామూలే. నాలుగైదు నిమిషాల తర్వాత కూడా గొలుసులా వస్తుంటే గాలే. ఫిల్టర్ ముందు బుడగలున్నాయా, తర్వాతే ఉన్నాయా చూస్తే కీలు దొరికిపోతుంది.

ఇంకొకటి. స్కానర్ పెట్టి ఆ కొండలాంటి ఎత్తులో నడిపించి, అడిగిన ప్రెషర్, వచ్చిన ప్రెషర్ పక్కపక్కన రికార్డు చేయమనండి. షెడ్డులో నిలబెట్టి చూస్తే రెండూ కలిసే ఉంటాయి.

కొలత సరిగా:
ఫిల్టర్ విప్పినప్పుడు పాతదాన్ని కోసి చూశారా? నీళ్లుంటే నేను చెప్పిన బంకు సంగతే.

బీచ్ రోడ్ వాసి:
ఇది మాత్రం మంచి మాట. మెరిసే ఇనుప రజను ఉంటే మాత్రం పంపు అరుగుతున్నట్టు.

లారీ మేస్త్రి:
పీల్చే పంపుని పంపు అనరా మరి? నేనూ పంపే అన్నాను.

కంచరపాలెం నాజిల్:
రెండూ ఒకే డబ్బాలో ఉన్నాయి మేస్త్రిగారూ, నిజమే. కానీ ఆయన జేబులోంచి పోయేది ఆ డబ్బా మొత్తం ఖరీదు. ఇక్కడ పోయింది ఒక ఓ-రింగ్, ఆ చిన్న రబ్బరు రింగు, అయితే?

మధురవాడ డీజిల్:
గొట్టం పెట్టించాం. ఫిల్టర్ తర్వాత బుడగలు ఆగకుండా వచ్చాయి, ముందు వైపు లేవు. ఫిల్టర్ మీద పైపు క్లిప్ సగమే కూర్చుంది, లోపల రింగు నలిగిపోయింది. పైపు ముక్క కొత్తది వేశారు. నిన్న ట్యాంకు తక్కువగా ఉండగానే హనుమంతవాక మీదుగా కైలాసగిరి ఎక్కించాను, ఏమీ అనలేదు. థ్యాంక్స్ అండీ.

కంచరపాలెం నాజిల్:
సంతోషం. పనిలో పనిగా ఇంజెక్టర్ల రిటర్న్ కూడా ఒకసారి సీసాల్లో పట్టి చూడమనండి, లక్ష దాటిన బండి కదా. నాలుగూ దాదాపు సమానంగా నిండాలి. అలాగే పొద్దున్న సెల్ఫ్ ఇప్పుడు ఎలా ఉంది?

కొలత సరిగా:
బంకులో డెన్సిటీ కూడా చూసి ఇక్కడ రాయండి, అందరికీ పనికొస్తుంది.