హింసలో ఉన్న సహోదరుడి కోసం ఏమని ప్రార్థించాలి?

అందరికీ ప్రభువు పేరిట వందనాలు. మా ప్రార్థన కూడికకు వచ్చే ఒక సహోదరుణ్ణి, బాప్తిస్మం తీసుకున్నాక ఇంట్లోవాళ్లు వెళ్లగొట్టారు, పనిలోంచీ తీసేశారు. ప్రతి శుక్రవారం రాత్రి అతని విడుదల కోసం ప్రార్థిస్తున్నాం, ఉపవాసమూ ఉన్నాం. ఏమీ మారలేదు. పోయిన వారం "విడుదల" అనే మాట రాగానే తల దించుకున్నాడు, ఆమేన్ కూడా అనలేదు. చూసి గుండె తరుక్కుపోయింది.

బైబిల్లోని అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయం కలిసి చదివాం. సంఘం ప్రార్థించింది, పేతురు చెరలోంచి బయటికొచ్చాడు. "మరి అదే అధ్యాయం మొదట్లో యాకోబును హేరోదు కత్తితో చంపించాడు కదా?" అన్నాడతను. ఎవరం మాట్లాడలేకపోయాం. అదే పుస్తకం 4వ అధ్యాయం 29వ వచనంలో బెదిరింపుల మధ్య శిష్యులు అడిగింది ధైర్యమేనని చూపించాను. "ఎంతవరకు" అని మొరపెట్టే 13వ కీర్తన ఇచ్చాను. ఒంటరిగా చదువుకుంటున్నాడట గానీ, నోరు తెరిచి ప్రార్థించలేకపోతున్నాడు. (ఓర్చుకోమని ఇప్పటికే అందరూ చెప్పారు, దయచేసి ఆ సలహా వద్దు.)

ఇలాంటి శ్రమ అనుభవించినవాళ్లు చెప్పండి: నోట ప్రార్థన రాని రోజుల్లో, పక్కనున్నవాళ్లు ఏమని ప్రార్థిస్తే మీకు నిజంగా బలం వచ్చింది?