మార్చ్ మ్యాడ్‌నెస్ పూల్: ఛాంపియన్‌ని ఒక్కదాన్నే మార్చితే చాలా?

మార్చ్ మ్యాడ్‌నెస్ అంటే అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ నాకౌట్ టోర్నీ. దాని 63 మ్యాచ్‌ల విజేతలని ముందే రాసిపెట్టే మా పూల్‌లో (పోటీలో) 40 మందిమి. రౌండ్ల వారీగా ఒక్కో సరైన మ్యాచ్‌కి 1, 2, 4, 8, 16, 32 పాయింట్లు. అప్‌సెట్‌కి (బలహీన జట్టు గెలుపుని సరిగ్గా రాస్తే) బోనస్ లేదు. బహుమతి మొదటి స్థానానికే.

గెలుపు అవకాశం ఇలా కడుతున్నాను: 100 పొజెషన్లకి (బంతి చేతికొచ్చిన దఫాలకి) రెండు జట్ల ఎఫిషియెన్సీ (వేసిన, ఇచ్చిన పాయింట్ల లెక్క) తేడాని ఆ మ్యాచ్ వేగానికి కుదించి, వచ్చిన పాయింట్ల తేడాని 11తో (మ్యాచ్ ఫలితాల స్టాండర్డ్ డీవియేషన్‌గా తీసుకున్న అంకె) భాగించి, నార్మల్ డిస్ట్రిబ్యూషన్ పట్టికలో చూడటం. తేడా 6, పొజెషన్లు 68 అయితే 4.1 పాయింట్లు, అంటే సుమారు 64 శాతం. రేటింగులు సెలెక్షన్ సండే (టోర్నీ జట్లని ప్రకటించే రోజు) నాటివే. టోర్నీ ముగిశాక తీసిన రేటింగుల్లో ఆ మ్యాచ్‌ల ఫలితాలు కూడా కలిసిపోతాయి, వాటితో పాత ఏళ్లు పరీక్షిస్తే లెక్క మోసం చేస్తుంది. ఆపైన 10,000 సిమ్యులేషన్లు.

అన్నిచోట్లా ఫేవరెట్‌నే రాస్తే మూడేళ్లుగా 8 నుంచి 15వ స్థానం మధ్యే. 2025లో నాలుగు 1వ సీడ్లూ (నాలుగు విభాగాల్లో టాప్ ర్యాంకు జట్లు) ఫైనల్ ఫోర్‌కి, అంటే సెమీఫైనల్స్‌కి వచ్చినా లాభం లేదు, చాలామంది అవే రాశారు. 5వ సీడ్ల మీద 12వ సీడ్లని రెండుచోట్ల గెలిపిస్తే ఇంకా దిగజారింది: తగిలినా దక్కేది 1 పాయింటే, తప్పితే ఆ 5వ సీడ్ తర్వాతి రౌండ్లలో తెచ్చే పాయింట్లూ పోతాయి.

ఇప్పుడు జట్టు ఎ ఛాంపియన్ అయ్యే అవకాశం 24 శాతం, దాన్ని రాసేవాళ్లు 14 మంది అనుకోండి. జట్టు బి 13 శాతం, రాసేవాళ్లు ముగ్గురే. అవకాశాన్ని నన్ను కలుపుకుని రాసేవాళ్ల సంఖ్యతో భాగిస్తే ఎకి 1.6, బికి 3.25. బి మేలనిపిస్తోంది, కానీ ఈ భాగహారం మిగతా 62 మ్యాచ్‌లని పట్టించుకోదు.

40 మంది పూల్‌లో ఛాంపియన్‌గా బిని రాసి మిగతావన్నీ ఫేవరెట్లకే వదిలేయాలా, ఫైనల్ ఫోర్‌లో ఇంకో జట్టుని కూడా మార్చాలా?