‘వామజఠర ధమని శాఖలే’... ఇందులో ‘ఏ’ ఉందా, లేదా?

ఒక పాఠంలోని వాక్యం సగమే గుర్తొచ్చి ప్రాణం తీస్తోంది. ‘అన్నవాహిక అడుగుభాగానికి రక్తమిచ్చేవి వామజఠర ధమని శాఖలే’, ఆ తర్వాత ‘వితానం’ అని ఏదో వస్తుంది. (వామజఠర ధమని అంటే జీర్ణాశయానికి రక్తమిచ్చే ఎడమ ధమని.) ‘శాఖలు’ అయితే పేచీ లేదు, ‘శాఖలే’ అయితే ఇంకేవీ ఇవ్వవని కదా అర్థం? ఎవరికైనా పూర్తిగా గుర్తుందా?

జవాబు: ‘శాఖలే’ అని ఉండే అవకాశం లేదండీ. ఉదరవితానం, అంటే ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరపు పొర, దాని అడుగున పరుచుకునే ఎడమ ధమని కూడా అక్కడికి కొమ్మలిస్తుంది, మీ ‘వితానం’ అదే అయ్యుంటుంది. పైన ఛాతీలో ఉన్న భాగానికైతే చాలావరకు గుండె నుంచి వచ్చే పెద్ద ధమని, అదే బృహద్ధమని నుంచే నేరుగా వస్తాయి.

జవాబు: అవధారణ (ఇలా ‘ఏ’ చేర్చి నొక్కి చెప్పడం) అంటే ‘ఇదొక్కటే’ అని ఎవరన్నారు? ‘ముఖ్యంగా ఇది’ అని చెప్పడానికీ వాడతాం. గజేంద్రుడి మొర చూడండి, ‘నీవే తప్ప నితఃపరం బెరుగ’. ‘ఏ’ ఒక్కదానికే అంత బలముంటే పోతనగారు పక్కన ‘తప్ప’ ఎందుకు వేస్తారు?

జవాబు: మాస్టారూ, అది బలం చాలక వేసింది కాదు. ‘ప్రాణంబులున్ ఠావుల్ దప్పెను’ అంటున్నవాడు ఒక్క మాటతో ఊరుకోడు, రెండుసార్లు గట్టిగా పట్టుకుంటాడు. పై పాదంలో ‘నీవే’, కింది పాదంలో ‘రావే’, ‘కావవే’. మొదటి ‘ఏ’ తేల్చి చెప్పడం, తర్వాతి రెండూ బతిమాలడం. ఒకే అచ్చుతో ఇన్ని పనులు చేయించినాయన ఇంకొకరున్నారా!

జవాబు: పద్యం సరే, రక్తనాళం సంగతి చూడండి. పొట్టలో బృహద్ధమని నుంచి చీలే సీలియాక్ కాండానికున్న మూడు కొమ్మల్లో సన్నది ఈ వామజఠర ధమనే. పుట్టగానే పైకెక్కుతుంది, వితానంలోని కంత దాకా పోయి అన్నవాహికకు శాఖలిస్తుంది, అక్కణ్ణుంచి మళ్లీ తిరిగి జీర్ణాశయం చిన్న ఒంపు వెంబడి కిందికి దిగుతుంది. కాబట్టి పోయిన ముక్క ‘వితాన రంధ్రం దాకా ఎక్కి’ అని నా గట్టి నమ్మకం. ‘ఏ’ ఉన్నా తప్పులేదు, ఎక్కువ రక్తం దీనిదే.

జవాబు: ‘ఏ’ వేయాలనుంటే వేయాల్సిన చోటు వేరే ఉంది డాక్టరుగారూ. క్యాన్సర్ వచ్చి అన్నవాహిక తీసేసినప్పుడు జీర్ణాశయాన్ని గొట్టంలా మలిచి పైకి లాగుతారు కదా, అప్పుడు ఈ వామజఠర ధమనిని కట్టి కోసేస్తారు. ఆ గొట్టం బతికేది ప్రధానంగా కుడి గ్యాస్ట్రోఎపిప్లోయిక్ ధమని (జీర్ణాశయం పెద్ద ఒంపు వెంబడి పోయేది) మీద. గజేంద్రుడి ‘నీవే తప్ప’ అతికేది అక్కడ.

జవాబు: అన్నీ బాగున్నాయిగానీ అసలు ‘ధమని శాఖలు’ ఏమిటి? నదీతీరం అన్నట్టు ‘ధమనీశాఖలు’ అనాలి. ‘ని’కి దీర్ఘం ఉందో లేదో ముందు అది చెప్పండి.

అడిగినవారు: దీర్ఘం సంగతి నేను పట్టించుకోలేదండీ. ‘వితానం’ తర్వాత మాత్రం ‘ఎక్కి’ కాదు, ‘కింద’ అనో ‘కిందుగా’ అనో ఉన్నట్టు చెవిలో మోగుతోంది.

జవాబు: అయితే ఉదరవితానం అడుగు ధమనే! ‘శాఖలే’ కాదు, ‘శాఖలూ’ అయ్యుంటుంది.