పాత రేసు కారును చట్టప్రకారం రోడ్డు మీద నడపాలంటే ఏం చేయాలి?

ప్రశ్న

1960ల నాటి రెండు సీట్ల రేసు కారు ఒకటి నా చేతికి వచ్చింది. పుట్టినప్పటినుంచీ అది ట్రాక్ మీద తప్ప మరెక్కడా తిరగలేదు, నంబరు ప్లేటు బిగించిన ఆనవాలు కూడా లేదు. టాకోమీటరు (ఇంజిను ఎంత వేగంగా తిరుగుతోందో చూపేది), ఆయిల్ ప్రెజర్ మీటరు ఉన్నాయి గానీ స్పీడోమీటరు, హారన్, ఇండికేటర్లు, హ్యాండ్ బ్రేకు ఏవీ లేవు. ఇంత చక్కటి యంత్రాన్ని ట్రైలరు మీద మాత్రమే బయటికి తీసుకెళ్లవలసి రావడం నాకు బాధగా ఉంది. పని ఎక్కడ మొదలుపెట్టాలో, అసలు రూపం చెడకుండా ఎంతవరకు మార్చవచ్చో అనుభవమున్నవారు దయచేసి చెప్పండి.

మొదటి సమాధానం

పానా పట్టుకునే ముందు కాగితాల సంగతి తేల్చుకోండి. ఛాసిస్ (కారు అడుగు చట్రం) మీద చెక్కిన నంబరు, తయారీదారు రికార్డు, చేతులు మారిన ప్రతిసారీ రాసుకున్న అమ్మకపు పత్రాలు, వేరే దేశంనుంచి వచ్చిన కారైతే కస్టమ్స్ రసీదు, ఇవన్నీ ఒకదానితో ఒకటి సరిపోలాలి. కొన్ని చోట్ల పాత వాహనాన్ని అది తయారైన సంవత్సరపు ప్రమాణాలతో పరీక్షిస్తారు. మరికొన్ని చోట్ల రిజిస్ట్రేషను ఇప్పుడే మొదటిసారి జరుగుతోంది కాబట్టి కొత్త ప్రమాణాలే అడుగుతారు. మీ కారుకు ఏది వర్తిస్తుందో అధికారులనుంచి లిఖితపూర్వకంగా తీసుకున్న తరువాతే సామాను కొనండి. నేను ముందుగా దీపాలన్నీ బిగించి తనిఖీకి తీసుకువెళ్తే, ఛాసిస్ నంబరులో ఒక అంకె పాత వెల్డింగు కింద కప్పబడిపోయి ఉందని తేలింది. ఆ ఒక్క అంకెను నిరూపించడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది.

రెండవ సమాధానం

హెడ్‌లైట్లు, వెనుక దీపాలు, అద్దాలు, హారన్ బిగించడం పెద్ద పని కాదు. ముందు అద్దం ప్లాస్టిక్‌ది అయితే దాని స్థానంలో లామినేటెడ్ గాజు అడగవచ్చు. సైలెన్సరు తప్పదు, పూర్తి రేసింగు టైర్లు పనికిరావు. అసలు చిక్కు బ్రేకుల దగ్గర ఉంది. రేసింగు ప్యాడ్లు బాగా వేడెక్కితేనే పట్టుకుంటాయి. ఇంటినుంచి బయలుదేరి మొదటి కూడలిలో పెడల్ నొక్కితే అది రాయిలా గట్టిగా ఉంటుంది గానీ కారు మాత్రం ముందుకు జారుతూనే ఉంటుంది. రోడ్డుకు తగిన మెత్తటి ప్యాడ్లు వేయించండి. నాలుగు చక్రాల బ్రేకులకూ ద్రవం ఒకే సర్క్యూట్‌లో, అంటే ఒకే గొట్టాల వరుసలో వెళ్తుంటే, దాన్ని రెండుగా విడదీయించండి. హ్యాండ్ బ్రేకును హైడ్రాలిక్ వ్యవస్థతో సంబంధం లేకుండా కేబుల్‌తో పనిచేసేలా అమర్చండి.

తరువాతి కష్టం ట్రాఫిక్‌లో ఆగినప్పుడు వస్తుంది. చాలా రేసు కార్లకు రేడియేటరు ఫ్యాన్ ఉండదు, కారు పరుగెడుతున్నంతసేపే గాలి తగులుతుంది. ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెడదామంటే దానికీ దీపాలకూ కరెంటు కావాలి, అంటే ఇంజినుతో తిరిగి కరెంటు తయారుచేసే ఆల్టర్నేటరు కూడా పెట్టాలి. రోల్ కేజ్ (కారు బోల్తా పడినా డ్రైవరును కాపాడే ఇనుప పంజరం) గొట్టాలకు దట్టమైన మెత్త చుట్టడం మరవకండి, ఎందుకంటే హెల్మెట్ లేని తలకు ఆ ఇనుము చాలా ప్రమాదకరం.

మూడవ సమాధానం

ఇటువంటి పని పూర్వం కార్ల తయారీదారులే చేశారు. అమ్ముడుపోని డి-టైప్ రేసు కార్లను జాగ్వార్ సంస్థ 1957లో ఎక్స్‌కేఎస్‌ఎస్ పేరుతో రోడ్డు కార్లుగా మలిచింది: డ్రైవరు వెనుక ఉన్న రెక్కను తీసేసి, పక్క సీటు వైపు తలుపు పెట్టి, వెడల్పాటి ముందు అద్దం, బంపర్లు అమర్చింది. ఆ ఫిబ్రవరి 12న ఫ్యాక్టరీలో జరిగిన అగ్నిప్రమాదంలో తొమ్మిది కార్లు కాలిపోగా, అనుకున్న 25లో 16 మాత్రమే పూర్తయ్యాయి. కార్ల యజమానులూ చేశారు: 1975లో మార్టినీ రోసీ పానీయాల సంస్థ కుటుంబానికి చెందిన కౌంట్ రోసీ తన పోర్షే 917 రేసు కారును అమెరికాలోని అలబామా రాష్ట్రంలో రిజిస్టర్ చేయించి, స్టుట్‌గార్ట్‌నుంచి పారిస్ దాకా రోడ్డు మీదే నడుపుకుంటూ వెళ్లారు.

మీ కారులో చేసే ప్రతి మార్పూ మళ్లీ విప్పదీయగలిగేదిగా ఉండాలని నా గట్టి అభిప్రాయం. బాడీకి కొత్త రంధ్రాలు వేయకుండా, ఉన్న బోల్టులకే బ్రాకెట్లు తగిలించి దీపాలు పెట్టించండి, తీసిన ప్రతి భాగానికీ చీటీ కట్టి దాచండి. రేపు చారిత్రక పోటీలకు ఎఫ్‌ఐఏ (అంతర్జాతీయ మోటారు క్రీడల సంస్థ) ఇచ్చే సాంకేతిక పాస్‌పోర్టు కావాలంటే కారు ఆ కాలపు రూపంలో ఉందా అన్నదే చూస్తారు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలండీ. నిన్న ముందు వైపు గొట్టం మీద రంగును గీకకుండా ద్రావకంతో మెల్లగా తుడిచి చూస్తే ఛాసిస్ నంబరు అంకెలన్నీ స్పష్టంగా బయటపడ్డాయి. ఫోటోలు తీసి, ఏ సంవత్సరపు ప్రమాణాలు వర్తిస్తాయో అడుగుతూ అధికారులకు ఉత్తరం రాశాను. జవాబు వచ్చేదాకా బ్రేకుల సర్క్యూట్ గురించి మాత్రమే చదువుతాను, ఏ భాగాన్నీ విప్పను.