అప్‌డేట్: టేకు వంటగట్టు పలక అతుకులు చివర్లలో విడిపోవడం – కారణం తేలింది

టేకు పట్టీలు అతికించిన వంటగట్టు పలకకి అతుకులు రెండు చివర్లలోనే నోళ్లు తెరుస్తున్నాయని అడిగాను కదా, తేలిపోయింది. జవాబిచ్చినవాళ్లందరికీ థాంక్స్. అమలాపురం మేస్త్రి తేమ మీటరు పెడితే కర్రలో 19 శాతం తేమ చూపించింది, అంటే కర్ర సరిగా ఆరలేదు. కోసిన చివరల నుంచి తేమ త్వరగా పోతుంది, అక్కడ కర్ర ముందే కుంచించుకుని అతుకుని చీలుస్తుంది. జిగురు మార్చమన్న సలహాతో పనిపడలేదు, నీటికి తట్టుకునే కర్ర జిగురు ఫెవికాల్ మెరైనే సరిపోయింది.

అతుకుల వెంట కోసి, పట్టీల మధ్య గాలి ఆడేలా రీపర్లు (సన్నటి కర్ర ముక్కలు) పెట్టి నీడలో ఆరబెట్టాం. 14 శాతానికి దిగాక అంచులు చిత్రిక పట్టాం. (మన డెల్టా గాలిలో ఇంకా దించినా మళ్లీ పీల్చుకుంటుంది.) టేకు నూనె పోవడానికి అసిటోన్‌తో తుడిచి, అది ఆరగానే జిగురు రాయాలి, ఆలస్యమైతే నూనె మళ్లీ పైకొస్తుంది. అతుకు పొడవునా జిగురు సన్నటి పూసల్లా కనిపించగానే క్లాంపు బిగింపు ఆపాలి. చివరల నుంచి తేమ త్వరగా పోకుండా అక్కడ పాలియురేథేన్ (వార్నిష్ లాంటిది) అదనపు పూత వేశాం.