స్క్విడ్ తనకు తానే రిక్వెస్ట్ పంపుకుంటోంది, తప్పెక్కడ?

మా ల్యాబ్‌లో 40 ఉబుంటు సిస్టమ్స్ ఉన్నాయి. అన్నీ ఒకేసారి అప్‌డేట్లు దింపుకుంటే నెట్ పడకేస్తోంది. అవి ఇంకా పోర్ట్ 80 మీదే వస్తాయి కాబట్టి క్యాష్ చేద్దామని (ఒకసారి దింపింది దాచి మిగతావాటికి ఇద్దామని) స్క్విడ్ అనే ప్రాక్సీ సర్వర్ పెట్టాను.

లైనక్స్ ఫైర్‌వాల్‌కి వేరే ఇంటర్‌ఫేస్ మీద 192.168.2.10లో స్క్విడ్ ఉంది. ఫైర్‌వాల్‌లోనే డీనాట్ (ప్యాకెట్ గమ్యం ఐపీని మార్చే రూల్) రాసి, పోర్ట్ 80 ట్రాఫిక్‌ని స్క్విడ్ 3129 ఇంటర్‌సెప్ట్ పోర్ట్‌కి మళ్లించాను. స్క్విడ్ ఐపీని ఆ రూల్ నుంచి తప్పించాను కూడా. బ్రౌజర్‌లో ప్రాక్సీగా 3128 ఇస్తే బ్రహ్మాండంగా నడుస్తోంది. ట్రాన్స్‌పరెంట్‌గా (బ్రౌజర్‌లో ప్రాక్సీ ఇవ్వకుండా) వెళ్తే మాత్రం 403 (అనుమతి లేదు) ఎర్రర్, లాగ్ నిండా ‘ఫార్వర్డింగ్ లూప్ డిటెక్టెడ్’. రెండు రాత్రులుగా ఇదే టెన్షన్.

డీనాట్ వేరే మెషీన్‌లో ఉండటం వల్ల అసలు గమ్యం ఐపీ స్క్విడ్‌కి తెలియట్లేదని నా అనుమానం. ఫైర్‌వాల్‌లో పాలసీ రూటింగ్ (గమ్యం ఐపీ మార్చకుండానే పోర్ట్ 80 ప్యాకెట్లను స్క్విడ్ వైపు పంపడం) పెట్టి, రీడైరెక్ట్‌ని స్క్విడ్ మెషీన్‌కే మార్చాలా? అప్పుడు తిరిగొచ్చే ప్యాకెట్లను ఫైర్‌వాల్ ఆర్‌పీ ఫిల్టర్ (ప్యాకెట్ రావాల్సిన ఇంటర్‌ఫేస్ మీదే వచ్చిందా అని చూసే తనిఖీ) ఆపేస్తుందా? చేసి చూసినవాళ్లు కాస్త చెప్పండి.